మూడు గంటల హంతకుడు

మా ఆయనకు ఏదీ దాచడం చేతకాదు. పండక్కి నాకు చీర తీసుకుంటే ఇంటికి రాకముందే ఫోన్లో రంగు చెప్పేస్తాడు. షుగరున్న మనిషి, బయట మిఠాయి తిని వచ్చిన రోజు నేనేమీ అడక్కముందే గడపలో నిలబడి తానేమీ తినలేదంటాడు. అలాంటివాడు యాభై ఆరో ఏట హంతకుడయ్యాడు. అదీ నీడలో దాక్కుని, అదను చూసి వెనక నుంచి పొడిచే రకం. కంగారు పడకండి, ఫోన్లోనే.

ఆయన పేరు సారంగపాణి. వరంగల్ బజార్లో మాకు బట్టల దుకాణం ఉంది. జాకెట్ ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సు అమ్ముతాం. గల్లా దగ్గర కూర్చునేది నేను, అనసూయను. మా అరుగు మీద ఇరవై రెండేళ్లు ఖాజా మొహినుద్దీన్ కుట్టుమిషను పెట్టుకుని కూర్చున్నాడు. మా వైపు బట్టల దుకాణాల్లో ఇది మామూలే. దర్జీకి అరుగు ఇస్తాం, కిరాయి తీసుకోం. మా దగ్గర బట్ట కొన్నవాళ్లు అక్కడే కొలతలిచ్చి పోతారు. ఆయన కుట్టు నచ్చి మళ్లీ వచ్చినవాళ్లు మా బట్టే కొంటారు. ఎవరి వల్ల ఎవరు బతుకుతున్నారని ఎవరూ అడిగింది లేదు.

మధ్యాహ్నం మూడింటికి బజారు కునుకు తీస్తుంది. ఆ వేళ ఖాజా భాయ్ ఫోన్లో ఒక ఆట ఆడేవాడు. పేకాట లాంటిదే గానీ రాజూ రాణీ ఉండరు. ముందు ఒక వేషం ఎంచుకోవాలి. వేషం అన్నది నా మాట, వాళ్లు క్లాస్ అంటారు. డాలు పట్టిన యోధుడు, మాంత్రికుడు, హంతకుడు, ఇలా ఎవరి ముక్కలు వాళ్లవి. ఖాజా భాయ్‌ది ఎప్పుడూ యోధుడే. మా ఆయనకూ ఆయనే నేర్పాడు, నేర్పాడంటే నేర్పబోయాడు. మొదటి వంతులో పనికొచ్చే ముక్క లేకపోతే ఊరుకోవాలి కదా. మా ఆయన ఊరుకోడు. బోణీ కాకుండా వంతు వదలడం ఆయన వల్ల కాదు. పొద్దున వచ్చిన మొదటి గిరాకీకి దారపు ఉండైనా అంటగట్టనిదే మెట్టు దిగనివ్వని మనిషి ఆయన. పనికిరాని ముక్కనే టక్కున వేసి, ఫోన్ను కళ్లకద్దుకునేవాడు. ఖాజా భాయ్ కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వేవాడు.

ఆ నవ్వు పోయిన శ్రావణంలో ఆగిపోయింది. హసన్‌పర్తి నుంచి పూలమ్మ టీచరు జాకెట్ పట్టుకుని వచ్చింది. ఒక్క ఉతుక్కే చేతులు పట్టేశాయి, చంక దగ్గర పిగిలింది. అది కొత్త మిల్లు కాటన్, తడిపి ఆరేసి కుట్టాల్సిన బట్ట. కుట్టే ముందు ఖాజా భాయ్ అడిగాడు కూడా, తడపాలా అని. అక్కర్లేదు, మిల్లులోనే తడిపి పంపారని మా ఆయన చెప్పాడు. నేను విన్నాను. ఇప్పుడు టీచరు గట్టిగా అడుగుతుంటే, ఇంకో నలుగురు గిరాకీలు చూస్తుంటే, మా ఆయన నోరు జారింది.

"బట్టకేం కాలేదమ్మా, కుట్టే అటిటు అయింది," అన్నాడు.

ఖాజా భాయ్ మిషను చక్రం ఆపాడు. సాయంత్రం దాకా కూర్చుని ఒప్పుకున్న పనంతా ముగించి, ఎవరి బట్టలు వాళ్లకిచ్చి, మిషను ఆటోలో ఎక్కించుకుని ఖిలా వరంగల్‌లో ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు అరుగు ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

మా ఆయనకు నిజంగా అర్థం కాలేదు. అబద్ధమాడి దబాయిస్తున్నాడనుకున్నాను మొదట. కాదు, ఆయనకు తెలియదు. గిరాకీ ముందు సరుకును తక్కువ చేయకూడదని వాళ్ల నాన్న నేర్పిన వ్యాపారం. గిరాకీ వెళ్లాక ఆ మాట ఉండదని ఆయన లెక్క. తాను మరిచిపోయిన మాటను ఖాజా ఎందుకు మోసుకుపోయాడని నన్ను రోజుకు పదిసార్లు అడిగేవాడు. వెళ్లి తప్పయిందని చెప్పు అంటే, ఏం తప్పని చెప్పాలో చెప్పు అనేవాడు. ఒకసారి ఖాజా భాయ్ ఉండే కోట దాకా వెళ్లాడు. అక్కడ కాకతీయుల తోరణాల దగ్గర కాసేపు నిలబడి, టికెట్ కొని శిల్పాలు చూసి తిరిగొచ్చాడు. పుట్టి పెరిగిన ఊళ్లో టికెట్ కొని శిల్పాలు చూసిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

అప్పుడు పట్టాడు ఈ హంతకుడి వేషం. ఆ ఆటలో మన వరంగల్ వాళ్లు కొందరు కలిసి కట్టుకున్న జట్టు ఒకటుంది, అందులో ఎవరు ఎవరినైనా ఆటకు పిలవొచ్చు. ఖాజా భాయ్ అందులో 'దర్జీ' అన్న పేరుతో ఉంటాడు. మా ఆయన 'నల్లనీడ' అన్న దొంగపేరుతో చేరాడు. నాకు తెలియకూడదని లైనింగు తానుల వెనక స్టూలు వేసుకుని ఆడేవాడు. తానుల మీద నుంచి బట్టతల కనిపిస్తూనే ఉండేది. ఓడినప్పుడు ముక్కుతో బుస్సుమనేవాడు. దుకాణానికి వచ్చినవాళ్లు లోపల ఏముందని అడిగితే, మా ఆయనే అని చెప్పేదాన్ని.

ఆ వేషం కిటుకేమిటంటే ఓపిక. మన ముక్కల మీది మనుషుల్ని చాటున ఉంచితే ఎదుటివాడు వాళ్లను తాకలేడు. ముక్కలు చేతిలో పోగేసుకుని, ఏమీ లేనట్టు కూర్చుని, ఒక్క వంతులో అన్నీ దింపాలి. ఇదంతా తర్వాత నాకు ఆయనే చెప్పాడు, అర్థం కాకుండా. మొదట రోజూ ఓడాడు. నెల తిరిగేసరికి నాలుగింట ఒకటి గెలవసాగాడు. ఆటలో ఎదుటివాడితో మాట్లాడటానికి ముందే రాసిపెట్టిన ఆరు మాటలుంటాయి, అందులో ఒకటి సారీ. ఇంకో మాట కలపడానికి లేదు. నల్లనీడ వెనక నుంచి పొడిచిన ప్రతిసారీ మా ఆయన వేలు ఆ సారీ మీద నొక్కేది. ఆయన మనసులో అది శ్రావణం నాటి జాకెట్‌కు సారీ. ఒకరోజు దర్జీ ఆ మాటలు తనకు కనబడకుండా మూసేశాడని ఫోన్లో వచ్చింది.

ఆ రోజు స్టూలు వదిలి గల్లా దగ్గరికి వచ్చి, దాచడం కూడా మరిచిపోయి, నన్నే అడిగాడు.

"నేను సారీ అంటే మూసిండు. కని రేపు మూడింటికి పిలిస్తె మల్ల ఆటకొస్తడు. మాట వద్దు, ఆట గావాల్నా? గిదేంది అనసూయా, మాఫ్ చేసినట్టా, చెయ్యనట్టా?"

నాకు ఒళ్లు మండింది. తాను ఎవరో చెప్పకుండా సారీ చెబితే అది ఎవరికి చేరుతుందని అడిగాను. నిజం చెప్పొద్దూ, ఖాజా భాయ్ ఆట ఎందుకు మానడో నాకూ తెలియలేదు.

మొన్న ఉగాది ముందు పూలమ్మ టీచరు ఫాల్సు కోసం వచ్చింది. ఖాళీ అరుగు చూసి, ఖాజా భాయ్ ఇంకా రావడం లేదా అంది. ఆమె ఆ బట్టలో మిగిలిన ముక్కను వేరే దర్జీకి ఇచ్చిందట. అదీ మొదటి ఉతుక్కే ముడుచుకుపోయింది. వెంటనే ఖిలా వరంగల్ వెళ్లి ఖాజా భాయ్‌ని క్షమించమని అడిగి వచ్చిందట. అప్పటి నుంచి తన జాకెట్లన్నీ అక్కడే కుట్టిస్తోంది. మీకు ఆయన చెప్పలేదా, నాలుగు నెలలైంది కదా అంది.

మా ఆయన చేతిలో మీటరు కర్ర అలాగే ఉండిపోయింది. టీచరు వెళ్లాక, ఖాజా మీద పడ్డ మచ్చ పోయింది కదా, మరి ఎందుకు రాలేదు అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. "టీచరు చెప్పింది టీచరు మాట. నీ మాట ఏది?" అన్నాను. మూడు గంటలకే షట్టరు దించి, ఆయన్ని ఆటో ఎక్కించి నేనూ ఎక్కాను.

ఖాజా భాయ్ ఇంట్లో ముందు గదిలో రెండు మిషన్లున్నాయి. ఒకటి పాతది, మా అరుగు మీదిది. రెండోది కొత్తది, దాని మీద ఆయన భార్య సుల్తానా బేగం ఫాల్సు కుడుతోంది. గోడకు కట్టిన తాడు నిండా జాకెట్లు వేలాడుతున్నాయి. ఆయన ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి ఫోన్ బోర్లా పెట్టాడు. సుల్తానా కుర్చీలు జరిపి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చాయ్ పెట్టడానికి లేచింది.

మా ఆయన మిల్లు నుంచి మొదలుపెట్టాడు. మిల్లువాడు ఏం చెప్పాడో, కాటన్ ఈ మధ్య ఎలా వస్తోందో, బజారంతా అదే బాధ అని. ఖాజా భాయ్ నేల చూస్తూ విన్నాడు. నేను గట్టిగా దగ్గాను. మా ఆయన ఆగిపోయాడు. 

"బట్ట నాది పాడు, ఖాజా భాయ్. నువ్వు అడిగినవ్, నేను వద్దన్న. మల్ల అందరి ముంగట నీ మీద పెట్టిన. తప్పయింది."

ఖాజా భాయ్ తల ఎత్తాడు.

"మొదటి దినమే ఎర్కైంది నువ్వని. హంతకుని వేషం కట్టి మొదటి వంతుకే బోణీ చేసేటోడు ఇంకెవడున్నడు? టీచరమ్మ వచ్చి పోయినంక గూడ రోజు మూడింటికి ఫోన్ పట్టుకోని కూసున్న. ఇయ్యాల వస్తడు, ఇయ్యాల చెప్తడు అని. నువ్వేమొ పొడిసి సారీ అంటివి. ఆ ఆటల గట్ల అంటె ఎక్కిరిచ్చినట్టు. నీకు తెల్వదని తెలుసు. అయినా మండింది."

మా ఆయన అయోమయంగా నా వైపు చూశాడు. నెలల తరబడి ఒక పెద్దమనిషిని వెక్కిరించానని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, అరుగు కడిగించి పెట్టానని, రేపే మిషను తెచ్చుకోమని, తానే ఆటో పంపిస్తానని చెప్పాడు.

చాయ్ వచ్చింది. ఖాజా భాయ్ ఒక కప్పు మా ఆయన చేతికిచ్చి, తనది తీసుకున్నాడు.

"ఇరవై రెండేండ్లు అది నా జాగ అనుకున్న, సావుకారి. నువ్వు ఆ మాటన్న దినం ఎర్కైంది, అది నీ అరుగు అని. మాఫ్ ఎప్పుడో చేసిన. నేను మూడింటికి వస్త, కూసుంట, ఆడుకుందం. మిషను మాత్రం రాదు."

ఏ మాటకైనా రెండో మాట కలిపి ఇంకాస్త తెచ్చుకోవాలని చూసే వ్యాపారి మా ఆయన. అలా ఇంకేదో అడుగుతాడని ఎదురుచూశాను. ఆయన సరే అన్నాడు, అని చాయ్ తాగాడు.