చూపు, చుప్

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక గుర్రం కంటి సంగతి చెబుతాను.

రెండువేల నాలుగు నవంబరులో నన్ను ఢిల్లీలో ఒక పశువుల ఆస్పత్రిలో కళ్ళు చూసే గదికి అటెండెంటుగా మార్చారు. నా చదువు నాలుగో తరగతి. గ్రూప్ డీ ఉద్యోగం. డాక్టరమ్మగారు పశువును పట్టుకుంటే నేను దూది వెయ్యాలి. ఆవిడదీ మా శ్రీకాకుళమే. నన్ను ఆంటీ అనేవారు.

పశువు అక్షరాలు చదవదు కదా! అందుకని కంటి ముందు దూది ఉండ జారవిడుస్తాం. చూపుంటే రెప్ప వేస్తుంది, లేదా తల తిప్పుతుంది. చెయ్యి ఊపకూడదు, గాలి తగిలితే గుడ్డికన్నూ రెప్ప వేస్తుంది. పిల్లీ కుక్కా ముందుకి చూస్తాయి. గుర్రం కళ్ళు పక్కలకి ఉంటాయి, ఒక్కో కన్ను ఒక్కో పక్కంతా కాస్తుంది. ఒకటి పోతే సగం లోకం పోయినట్టే.

రామ్‌ఫల్ భయ్యాకి కరోల్ బాగ్ పెళ్ళిళ్ళలో వరుణ్ణి మోసే తెల్ల ఆడగుర్రం ఉండేది, పేరు బిజిలీ. ఊరేగింపులో కుడిపక్క నుంచి వచ్చిన బ్యాండువాణ్ణి తన్నింది. చూపు బాగుందని కాగితం తెస్తేనే మళ్ళీ పిలుస్తామని బ్యాండువాళ్ళు అన్నారట. అతనికి వేరే బతుకుతెరువు లేదు.

డాక్టరమ్మగారు దాని ఎడమకన్ను అరచేత్తో మూశారు. నేను కుడికంటి ముందు దూది వదిలాను. భయ్యా కుడిపక్కనే నిలబడి "శాబాష్ బేటీ, డర్ మత్" అని, భయపడకు తల్లీ అని, అంటూనే ఉన్నాడు. బిజిలీ తల తిప్పింది.

"చూపుందమ్మా! చూపు, చూపు!" అని అరిచాను.

భయ్యా మొహం మాడ్చుకుని ఊరుకున్నాడు.

"ఇంకోసారి వెయ్యండి ఆంటీ."

వేశాను. రెప్ప కదల్లేదు. మళ్ళీ వేశాను. చెవైనా ఆడించలేదు. నాకు బుర్ర తిరిగిపోయింది. నిమిషం కిందట ఉన్న చూపు ఎటు పోయింది? నా చెయ్యి తప్పా, దూది తప్పా?

మాట్లాడుతున్నవాడివి ఎందుకు ఆపావని డాక్టరమ్మగారు అతన్ని హిందీలో అడిగారు.

"మీ దీదీయే కదా, చుప్ చుప్ అని కసిరింది!" నేను చూపు అన్నది అతనికి హిందీ చుప్‌లా, నోర్ముయ్ అన్నట్టు వినబడింది.

ఆవిడకి నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. దూది లేకుండా గుర్రాన్ని పిలవమన్నారు. "బేటీ" అనగానే తల తిప్పింది. ఇందాకా అంతే, అది చూడలేదు, విన్నది.

"నీ నజరే తగిలింది దీదీ," అన్నాడు భయ్యా. హిందీలో చూపూ నజరే, దిష్టీ నజరే. "ముందు ఉందన్నావుగా, అదే రాయించు."

దూది వేసినవాళ్ళు ఏం చూశారో కూడా కాగితంలో రాస్తారు. డాక్టరమ్మగారు నా వైపు చూశారు. ముందు చెప్పింది తప్పని, కుడికంట చూపు లేదని చెప్పాను. ఊరేగింపులకి పనికిరాదని రాశారు.

ఎడమపక్క తాడు పట్టుకుని వచ్చినవాడు, పోయేటప్పుడు కుడిపక్కకి మారాడు.

రిటైరయ్యేదాకా, దూది తీసేముందు గదిలో అందరికీ చుప్ అని చెప్పేదాన్ని. చూపు మాట ఆ తర్వాతే.

మీ ఇంటి మీద చల్లని చూపు ఉండాలి. ఏ పక్క నుంచి ఎవరొచ్చినా మీవాళ్ళ కంట పడాలి.