మీరు కూర్చోండి, మీరే కూర్చోండి

చవక ఫోనులో కూడా ఆటలోని వాన ఆగకుండా కురవడం మా మేనకోడలు సాధించిన మొదటి విజయం. దానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఫోనులో లెక్కలు చేసే ప్రాసెసరు ఒకటి, బొమ్మలు గీసేది ఒకటి, రెండింటికీ కలిపి ఉన్న మెమరీ మాత్రం ఒక్కటే. చెరిసగం పంచితే ఒకదానికి చాలదు, రెండోదాని దగ్గర ఊరికే పడి ఉంటుంది. అవసరాన్ని బట్టి జరిగి చోటిచ్చుకునేలా చేసింది మా పిల్ల. కుర్చీలో ఒక కాలు మడుచుకుని, జడకొస కొరుకుతూ, తెర మీద ఒక్క చినుకు తడబడినా "అదిగో!" అని లేచే మనిషి.

తీరా తను పనిచేసే ఫోన్ల కంపెనీ పెద్దలకు చూపించే రోజున వాన కాస్తా గాల్లోనే నిలిచిపోయింది. "చెరిసగమే నయమమ్మా. సాయంత్రం దాకా చూసి నీది పక్కన పెట్టేస్తా" అన్నాడు పైఅధికారి. మెమరీ ఎటు నుంచి ఎటు పోయిందో వరసగా చదివి మా పిల్ల పకపకా నవ్వింది. "మర్యాద ఎక్కువైందండీ! 'మీరు కూర్చోండి' అని ఒకటి, 'అబ్బే, మీరే కూర్చోండి' అని ఇంకోటి. రెండూ నిలబడే ఉన్నాయి." కూర్చున్నది పది బొమ్మలు పూర్తయ్యేదాకా లేవకూడదని ఒక్క నియమం రాసింది. నాలుగింటికి వాన ధారగా కురిసింది.

"ఈ మొండితనం ఎవరు నేర్పారు?" అన్నాడాయన.

"మా మావయ్యండీ. భోజనానికి కూర్చుంటే లేవడు" అందట!

ఆ పద్ధతిని కొత్త ఫోన్లన్నిటిలో ఎక్కించడానికి ఇప్పుడు ఫ్యాక్టరీకి వెళ్ళింది. మార్చి పంతొమ్మిదిన, గురువారం, తిరిగొస్తుంది.