గోడ అవతల నూరే చప్పుడు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి గుర్తుందా? గోడ అవతల మా పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మేం కాకీమా అనే ఆవిడ, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి రాతి మీద నూరి, జామముక్కల మీద చల్లి పెట్టేది.

మాఘమాసంలో వాళ్ల సరస్వతీ పూజ మర్నాడు మాత్రం రాయికి పసుపు గుడ్డ చుట్టి పడుకోబెట్టేది. ఆ రోజు నూరకూడదు. ఆవిడ చనిపోయిన ఏడాది సరిగ్గా ఆ రోజే, తాళం వేసిన ఆ ఇంట్లోంచి నూరుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ గోడకు అరచెయ్యి ఆనించి, "ఎవరితోనూ అనకు" అంది.

ఇవాళ కెనడాలో, ఈ మిస్సిసాగాలో, ఇంట్లోనే మసాలాలు నూరి అమ్మే బెంగాలీ అమ్మాయి అదే జీలకర్ర, మిర్చి పొడి సీసా నా చేతిలో పెట్టి, "నిన్న నూరింది ఆంటీ, ఈరోజు రాయికి సెలవు" అంది.

ఇంటికొచ్చి మూత తీశాను. వాసన వెనకే గోడ అవతల నుంచి నూరుతున్న చప్పుడూ వచ్చింది. మాది వరసలో చివరి టౌన్‌హౌస్. ఆ గోడ అవతల మంచు తప్ప ఏమీ లేదు. నా అరచెయ్యి అప్పటికే గోడ మీద ఉంది.