మా జీపు యాక్సిల్‌ను గట్టి చేసిన గొప్పదాన్ని

ముందే చెప్పేస్తా, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పోయింది నా పరువొక్కటే. అది కూడా ఊరికే పోలేదు, కొండ సగం దాకా పొగ పెట్టుకుంటూ పోయింది!

మాకొక పాత జీపు ఉండాది. ఇరవై ఏండ్లుగా నాయనే నడుపుతాడు. చెనిక్కాయ మూటలు, పెళ్ళి జనం, పొట్టేళ్ళు, అన్నీ మోసింది. ఈ మధ్య మా పక్క కొండ మీద గాలిమరలు నిలబెడుతున్న కంపెనీ వాళ్ళు, వాళ్ళ మనుషుల్ని రోజూ పైకి తీసుకుపోను ఒక జీపు కావాలన్నారు. రెండేండ్లుగా వానల్లేక పంట ఇంటికి రాలేదు. ఈ పని దొరికితే నాయనకు దిగులుండదు. గురువారం సూపర్‌వైజర్ వచ్చి, బండెక్కి, కొండ ఎక్కించి చూసి చెప్తానన్నాడు. నాయన చేయాల్సిందల్లా ఎప్పట్లాగే నడపడం.

కానీ ఇంట్లో నేనున్నా కదా!

నేనంటే ఎవరనుకున్నారు? డిగ్రీ మధ్యలో వదిలేసి, ఫోన్లో వీడియోలు చూసి మెకానిక్ అయిపోయిన మేధావిని. ఒకసారి కార్బురేటర్ మొత్తం విప్పి మళ్ళీ బిగించినా. ఒక్క స్క్రూ మాత్రమే మిగిలింది. ఆ ధైర్యంతో ఆఫ్‌రోడ్ వీడియోల్లో పడినా. గడ్డాలు పెంచిన అన్నలు, గుంత కనపడితే చాలు, “ఫ్యాక్టరీ యాక్సిల్‌ను నమ్మొద్దు బ్రో! కొత్తదన్నా వేయించు, లేదంటే ఉన్నదాని మీద ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించు” అంటారు. వాళ్ళవి కడిగి ఫోటోలు తీసుకునే బండ్లు. మా బండి కడగను మాకు నీళ్ళే దిక్కులేవు. అయినా నేను నమ్మింది ఎవర్ని? గడ్డాలనే.

రాప్తాడులో మా జీపుకు మొదట్నుంచీ మెకానిక్ మస్తానన్న. పోయి అడిగినా.

“అన్నా, వెనక యాక్సిల్ మార్చాల్నా, గట్టి చేయిస్తే చాల్నా?”

“ఎందుకుమా, ఇరిగిందా?”

“లేదు.”

“వంగిందా?”

“లేదన్నా. కొండెక్కేటప్పుడు ఇరిగితే?”

“ఇరవై ఏండ్లు ఇరగంది గురువారమే ఇరుగుతుందా? నీకేమన్నా ఫోన్ చేసి చెప్పిందా? గ్రీజు కొట్టి పంపిస్తా, పో.”

పాతకాలం మనిషి, పాపం, ఏం తెలుసులే అనుకున్నా. అవును, నేనే అనుకున్నా!

మంగళవారం నాయన ధర్మవరం పెళ్ళికి పోయినాడు. నేను జీపు తీసుకొని, ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపుకు పోయినా. వెనక చక్రాలు రెంటినీ కలిపే గొట్టం చూపించి, “ఈ కొసనుంచి ఆ కొసకు పట్టీ వేయాలన్నా” అన్నా. ట్రాలీలకు దినామూ చేసే పనే కదా! షాపాయన మందపాటి పట్టీ తెచ్చి, గొట్టం పైపక్కన ఆపకుండా అతికించేసినాడు. కొంచెం కొంచెంగా, పక్కలు మార్చుకుంటూ, చల్లారనిస్తూ చేయాలని వీడియోలో చెప్పినారంట. ఆ ముక్క దగ్గర బోర్ కొట్టి నేను ముందుకు జరిపేసినా.

“ఎంతసేపన్నా? ఇంకా కాలుతాండాది!”

“తొందరుంటే నీళ్ళు కొడదామా?”

“కొడదాం!”

బకెట్ ఎత్తి పోసింది కూడా నేనే. బుస్సుమంది. ఆ శబ్దం నాకు చప్పట్ల మాదిరి వినపడింది. యాక్సిల్‌కు కుంకుమ బొట్టు పెట్టి మరీ ఇంటికి తెచ్చినా.

మర్నాడు నాయన వచ్చి చూసినాడు. “చక్రాలేంది పాపా, అట్ల నిలబడినాయి?”

నిజమే. వెనక చక్రాలు రెండూ పైన దగ్గరికొచ్చి, కింద ఎడంగా, అప్పుడే పుట్టిన దూడ కాళ్ళ మాదిరి ఉండాయి.

“గాలి తక్కువుండాదేమో నాయనా” అన్నా. అని, సిగ్గులేకుండా గాలి కూడా కొట్టినా.

గురువారం. ముందర నాయన, పక్కన సూపర్‌వైజర్, వెనక నేను.

“బండి స్ట్రాంగేనాప్పా?” అన్నాడు సూపర్‌వైజర్.

నాయన నోరు తెరిచేలోపల నేను దూరినా. “ఇంత స్ట్రాంగ్ యాక్సిల్ ఈ మండలంలోనే లేదు సార్!”

నాయన అద్దంలోంచి నన్నొక చూపు చూసినాడు.

రెండు మలుపులు తిరిగినామో లేదో, “ఏందప్పా మాడు వాసన?” అన్నాడు సూపర్‌వైజర్.

“యాడో గడ్డి కాలుస్తాండారు సార్” అన్నా నేను.

గడ్డి కాదు. మా ఎడమ చక్రం. పొగ! నాయన బ్రేక్ తొక్కినాడు. బండి నిలబడకుండా మెల్లగా వెనక్కి జారుతాంది. “పాపా, దూకి రాయి పెట్టు!” దూకినా, పెట్టినా, నిలబడింది. అప్పటికే సూపర్‌వైజర్ ఫైలు గుండెకు హత్తుకుని దారి పక్కన ఉండాడు. “ఇంకో బండి చూసుకుంటాంలే” అని నడిచే కిందికి దిగిపోయినాడు.

మస్తానన్న వచ్చి, బండి కింద దూరి, గొట్టం మీద ఈ కొసనుంచి ఆ కొసకు దారం లాగి పట్టినాడు. నడిమధ్యలో దారానికీ గొట్టానికీ సందున నా వేలు దూరింది.

“చూసినావామా? వెల్డింగ్ చల్లారేటప్పుడు ఇనుమును గుంజుతుంది. పైపక్కనే చేయిస్తే కొసలు రెండూ పైకి లేచి, నడుమ కిందికి వంగుతుంది. బేరింగులు కాలినాయి, సీలు పోయింది, ఆయిలంతా బ్రేకులోకి దిగింది. ఇరగని యాక్సిల్‌ను ఇరిగినదానికంటే అధ్వానం చేసినావు. మామూలోళ్ళతో అయ్యే పని కాదు!”

మర్నాడు నాయన చొక్కా ఇస్త్రీ చేసుకుని కంపెనీ షెడ్డు కాడికి పోయి, సూపర్‌వైజర్ బయటికొచ్చేదాకా ఎండలో నిలబడినాడు. అది చూసి గడ్డాల అన్నలందర్నీ అన్‌సబ్‌స్క్రైబ్ చేసినా. నాకు సరిగ్గా చేతనైన రిపేరు అదొక్కటే.

సోమవారం ఇంకో ఛాన్సిచ్చినారు. మస్తానన్న పాతసామాన్ల షెడ్డులో వెతికి, పట్టీ గిట్టీ లేని మామూలు ఫ్యాక్టరీ యాక్సిల్ తెచ్చి బిగించినాడు. నన్ను మాత్రం బండెక్కించుకోలేదు. జీపు చప్పుడు లేకుండా కొండ కొస దాకా ఎక్కిందంట.

“ఇప్పుడు బాగా ఎక్కిందే! ఏం మార్పు చేసినావప్పా?” అని అడిగినాడంట సూపర్‌వైజర్.

“పెద్దగా ఏమీ లేదు సార్. మా పాపను ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినా” అన్నాడంట నాయన.

పని దొరికింది.

తాళం సంగతి మాత్రం శుద్ధ అబద్ధం. నాయన ఇంటికి తాళం వేయలేదు. నా టూల్‌బాక్సుకు వేసినాడు. తాళంచెవి మస్తానన్న జేబులో ఉండాది.