ఊరేగింపు బండి గేరునూనె

మా ఇంట్లో ఒక పాత విదేశీ కారు ఉంది. క్లచ్ లేని బండి, గేర్లు వాటంతటవే పడతాయి. వేలూరు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు మా ఆయన దాన్ని బాడుగకు తీసుకెళ్తారు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే దాని అద్దాలు తుడుస్తారు.

కిందటేడు గుడియాత్తంలో ఒక ఊరేగింపు మధ్యలో గేరుపెట్టె కింద ఎర్రటి నూనె ధారగా కారింది. బండి కదలనంది. తొరపాడిలో ఉన్న ముసలి మెకానిక్కు నూనెను ఆపే సీళ్లు, అడుగున ఉండే గాస్కెట్టు మార్చి, "ఇంక చుక్క కారితే నా మీసం తీసేస్తా" అన్నాడు. ఆయనకు నోరు పెద్దది. అదే ఊళ్లో మరుసటి పెళ్లిలోనూ ఇలాగే జరిగింది. పెళ్లికూతురు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆటో ఎక్కింది.

"ఇంకొక్కసారి ఇట్లయితే ఆర్కాడులో పాత ఇనుము కొనేటాయనకి ఇచ్చేస్తా. ఊరోళ్ల పెండ్లి చెడగొట్టే పాపం నాకొద్దు" అన్నారు మా ఆయన. ఆ ఇనుము వ్యాపారికి మాట కూడా ఇచ్చి వచ్చారు.

మా ఇంటి షెడ్డుకు వచ్చిన మెకానిక్కును చూడగానే, "ఏమప్పా, మీసం అట్లే ఉండాదే!" అన్నారు.

ముసలాయన కోపగించుకోలేదు. గేరుపెట్టెను కిరసనాయిలుతో కడిగి, నేను ముఖానికి రాసుకునే పౌడరు అడిగి దానిమీద చల్లాడు. తడి ఎక్కడ మొదలైతే పౌడరు అక్కడ ఎర్రబడుతుందట. ఇద్దరూ విరించిపురం దాకా వేగంగా తోలుకొని వచ్చారు. పౌడరు తెల్లగా అలాగే ఉంది.

"రోడ్డుమీద కారదు, షెడ్డులో కారదు, పెండ్లిలోనే కారతాది. దీనికి పెండ్లంటే ఏడుపేమో!" అని నవ్వి, ముసలాయన నా వైపు తిరిగాడు. "ఈసారి పెండ్లికి నన్నూ పిలవమ్మా."

"భోజనానికా?" అన్నాను.

"భోజనానికీ!"

మళ్లీ గుడియాత్తంలోనే పెళ్లి, నేనూ వెళ్లాను. ముసలాయన ఉతికిన తెల్లచొక్కాతో వచ్చాడు. అక్కడి పద్ధతి ప్రకారం పెళ్లికూతురి మేనమామ బానెట్టు కింద బండి ముందుభాగమంతా కనబడకుండా బంతిపూల తెర కట్టించాడు. తెర ఎంత దట్టంగా ఉంటే ఆ ఇంటికి అంత గౌరవం. మేళం వెనకాల బండి నడక వేగంతో కదిలింది. ముసలాయన పక్కనే నడుస్తూ, బానెట్టు మీద చెయ్యి వేసి చూస్తూ వచ్చాడు. మొదటి మలుపు దగ్గర చెయ్యి చురుక్కుమనగానే ఒక్క అరుపు అరిచి బండి ఆపించాడు. తెల్లచొక్కాతోనే కింద దూరి టార్చి వేశాడు.

"నూనె గేరుపెట్టె నెత్తిమీంచి వస్తా ఉండాది! అడుగున కనబడితే అడుగునే మార్చినా. తప్పు నాదే" అన్నాడు, అందరూ వింటుండగా.

లేచి పూలతెర వెనక చెయ్యి పెట్టాడు. గేరునూనె సన్నటి గొట్టంలో ముందుకు పోయి, రేడియేటరు దగ్గర చల్లబడి తిరిగి వస్తుందట. నడక వేగంలో నూనెకు వేడి ఎక్కువ, బండికి తగిలే గాలి తక్కువ. ఉన్న గాలినీ పూలు ఆపేస్తే నూనె నురగకట్టి, గేరుపెట్టె పైనున్న గాలిగొట్టం నుంచి పొంగి కిందికి జారుతుంది.

ఆయన తెర ముడులు విప్పబోతే మేనమామ అడ్డం వచ్చాడు. "నేను కట్టించిన పూలు తీస్తావా? మా మర్యాద యాడ పోవల్ల?"

"నీ మర్యాదని దాని మూతికి కట్టినావు నాయనా. నెత్తిన పెడతా, చూడు!"

జనం నవ్వారు. మేనమామే ఒక కొస పట్టుకున్నాడు. తెర బండి పైకెక్కింది.

"నేను దిగేదా మామా?" అంది లోపలినుంచి పెళ్లికూతురు. మా ఆయన ముఖం నేను చూడలేకపోయాను.

"కూర్చో తల్లీ. మేళం ఇంకో పాట వాయించనీ" అన్నాడు ముసలాయన. బానెట్టు తెరిచి, వేడి తగ్గనిచ్చి, తగ్గిన నూనె పోశాడు. నూనె మళ్లీ వేడెక్కకుండా ఆగిన చోటల్లా గేరు తీసిపెట్టమని మా ఆయనకు చెప్పాడు.

అంతమంది ముందు తప్పు నాదే అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది నాకు ఆయన పనితనం కంటే గొప్పగా అనిపించింది.

మండపం ముందు బండి ఆగింది. పెళ్లికూతురు దిగి లోపలికి వెళ్లింది. ముసలాయన మళ్లీ కింద దూరి, బయటికి వచ్చి, తడి లేని అరచెయ్యి మా ఆయనకు చూపించాడు. మా ఆయన మేళం చప్పుడుకు దూరంగా గోడ పక్కకు వెళ్లి ఆర్కాడు ఇనుము వ్యాపారికి ఫోను చేశారు.

"రావద్దప్పా. బండి ఇచ్చేది లేదు."