తలుపు పక్క సంచి

ఎనభై ఎనిమిదేళ్ల ఐలా, ఎనిమిదేళ్లప్పుడు యుద్ధంలో బాంబుదాడి సైరన్ మోగితే ఉత్త చేతులతో ఊరొదిలి పారిపోయిన మనిషి. అందుకే ఏటా చలికాలానికి అడవిపళ్ల జామ్ కాచగానే మొదటి ఆరు సీసాలు గుడ్డల్లో చుట్టి, తలుపు పక్కనున్న సంచిలో సర్దుతుంది. మిగిలినవే నేలమాళిగకు. "యుద్ధానికి జామ్ పట్టుకెళ్తారా అత్తయ్యా?" అని కోడలు సాతు ఆటపట్టిస్తుంది. నెలనెలా మొదటి సోమవారం పన్నెండింటికి సర్కారు సైరన్‌ను పరీక్షించినప్పుడల్లా ఐలా గరిటె వదిలి, సంచి మీద చెయ్యేసి నిలబడుతుంది.

ఇవాళ చల్లటి సాసర్‌లో జామ్ చుక్క వేసి, పాకం చూద్దామని వేలితో గీత గీస్తుండగా సైరన్ లేచింది. ఐలా పొయ్యి కట్టేసింది.

"టెస్టింగేలెండి, కలపండి, అడుగంటుతుంది," అని నవ్వింది సాతు.

"ఇవాళ గురువారం కదే."

సాతు గోడ మీది క్యాలెండర్ చూసింది. ఈసారి సంచి మీదికి ముందు వెళ్లింది ఆమె చెయ్యే.