ఇద్దరన్నదమ్ములకు పంచిన సూదులు: మా రాజయ్య మామ

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రాజయ్య మామ లేడు.

ఫోన్ చేసిన వాళ్లబ్బాయే నన్ను ఓదార్చాడు.

షుగర్ పుండుకని ఆసుపత్రిలో చేరాడు. అక్కడే ఇంకో ఇన్ఫెక్షన్ అంటుకుంది. అది ఏ యాంటీబయాటిక్‌కూ లొంగడం లేదని రిపోర్ట్ వచ్చింది.

ఇలాంటి చావు ఆయనకే రావాలా?

మామ మాకు చుట్టం కాదు. చొప్పదండిలో కాంపౌండర్.

అరవైల్లో మాట. నాకు ఎనిమిదేళ్లు. మగ్గం నేసే మా బాపుకు, అంటే నాన్నకు, టీబీ వచ్చింది. కరీంనగర్‌లో సూదులు, గోళీలు రాసిచ్చారు. మామ రోజూ పొద్దున సైకిల్ మీద వచ్చి, మా పొయ్యి మీదే సిరంజి మరగబెట్టి సూది వేసేవాడు. నెలన్నరకు బాపు దగ్గు తగ్గింది. కాస్త ఒళ్లు చేసి మళ్లీ మగ్గం ఎక్కాడు.

అప్పుడే బాపు తమ్ముడు చిన్నబాపుకు దగ్గులో నెత్తురు పడింది.

ఆయనకు పెళ్లి కుదిరి ఉంది. ఆసుపత్రిలో పేరు రాయిస్తే సంబంధం పోతుందని ఇంట్లో అందరికీ భయం. "నాకు తగ్గింది గదా, మిగిలినయి తమ్మునికి వెయ్యి" అన్నాడు బాపు. ఒకే మగ్గం మీద మార్చి మార్చి కూర్చునే అన్నదమ్ములు. మందు కూడా అలాగే పంచుకోవచ్చనుకున్నారు.

మామ మూడు రోజులు కుదరదన్నాడు. నాలుగో రోజు ఒప్పుకున్నాడు. ఒక రోజు బాపుకు, ఒక రోజు చిన్నబాపుకు.

రెండు నెలలకు బాపు దగ్గు తిరగబెట్టింది. ఈసారి అదే సూది ఎన్ని వేసినా పనిచేయలేదు. సగం మందుకు చావకుండా మిగిలిన పురుగు ఆ మందుకే అలవాటు పడిందని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. చిన్నబాపులో ఉన్న పురుగూ అలాగే మందుకు లొంగకుండా పోయిందట.

పెళ్లి జరగనే లేదు. చిన్నబాపు ఎండాకాలంలో పోయాడు. బాపు దసరా దాకా ఉన్నాడు.

అవ్వ, అంటే మా అమ్మ, వాడంతా వినేలా మామను తిట్టింది. చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. మామ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత ఎవరైనా టాబ్లెట్లు మధ్యలో ఆపారంటే ఇంటికి వచ్చి మరీ తిట్టేవాడు. నా పెళ్లిలో మా ఆడబిడ్డ జ్వరం తగ్గిందని కోర్సు మానేసిందని తెలిసి, ఆమె గోళీ మింగేదాకా పక్కనుంచి కదల్లేదు. అందరం నవ్వాం.

ఇప్పుడు మెడికల్ షాపులో రెండు గోళీలు కొని, తగ్గగానే మిగిలింది పక్కింటికి ఇచ్చేవాళ్లను రోజూ చూస్తున్నా. మా ఇంట్లో జరిగిందే ఊరంతా జరుగుతోంది. చెప్పి చెప్పి నాకూ ఓపిక అయిపోయింది.

పోయిన వారం చూడ్డానికి వెళ్లాను. మామకు మాట సరిగా రావడం లేదు.

"బిడ్డా, గా రోజు నేను ఒప్పుకోవద్దుండె."

"పడుకో మామా" అన్నాను.

చెప్పాల్సింది అది కాదు.

మామా, ఆ నాలుగో రోజు అవ్వ నీ చేతులు పట్టుకుని ఏడ్చింది. "కాదనకు తమ్మీ, మా మరిది లగ్గం చెడిపోతది" అని బతిమాలింది. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. అంతా విన్నాను.

అరవై ఏళ్లు నువ్వు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అవ్వ పరువు పోతుందని నేనూ చెప్పలేదు. నింద మాత్రం నువ్వొక్కడివే మోశావు.

ఇవాళ అందరి ముందూ చెప్తున్నా. తప్పు నీ ఒక్కడిది కాదు.

నువ్వుండగా చెప్పలేకపోయాను, మాఫ్ చెయ్యి.

పోయి రా మామా. ఇకనైనా మనసు నిమ్మళంగా నిద్రపో.